షైలాక్ కత్తి నూరే చోట నవ్వు ఎందుకొస్తుంది?

ప్రశ్న: మాది చిన్న పట్టణంలో డిగ్రీ కాలేజీ. వార్షికోత్సవానికి షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నుంచి 45 నిమిషాల నాటకం తెలుగులో వేయిద్దామనుకున్నాం. కోర్టు సీను చదువుతుంటే రెండో సంవత్సరం అమ్మాయి లేచి, “ఒక జాతినంతా తిట్టే నాటకం మనమెందుకు వెయ్యాలి సార్?” అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. అందులో అప్పులిచ్చే యూదుడు షైలాక్‌ని మన వైపు వడ్డీ వ్యాపారిగా మార్చేస్తే గొడవుండదని సహోద్యోగి ఒకాయన అంటున్నారు. తిట్లన్నీ కొట్టేయమని ఇంకొకరి సలహా. ఈలోగా షైలాక్ వేషం కట్టే కుర్రాడు ముక్కుతో మాట్లాడుతూ, వంగి నడుస్తూ క్లాసునంతా నవ్విస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక ఇంగ్లీషు లెక్చరర్

జవాబు: ముందు ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి. మిగతా సందేహాలు దాని వెంటే తీరతాయి. “అబ్బే, షేక్‌స్పియర్ అలాంటివాడు కాదమ్మా, అందరినీ సమానంగా చూశాడు” అని మాత్రం సర్దిచెప్పకండి. ఆ పిల్ల పుస్తకం తెరిచి పేజీ చూపిస్తే మీ దగ్గర మాట ఉండదు. 1600లో అచ్చయిన మొదటి ప్రతి ముఖపత్రం మీదే, వర్తకుడి ఒంట్లోంచి మాంసం కోయబోయిన ‘షైలాక్ అనే యూదుడి మహా క్రూరత్వం’ అని గోడపత్రికలో లాగా వేశారు. 1623లో 36 నాటకాలు కలిపి పెద్ద సంపుటం వేసినప్పుడు దీన్ని హాస్య నాటకాల వరసలో చేర్చారు. పెన్నీ ఇచ్చి నిలబడి చూసిన లండన్ జనంలో చాలామంది యూదుడు ఓడిపోతే చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళి ఉంటారు. ఇంత వరకూ ఆ అమ్మాయి మాట నిజం. దాన్ని ఒప్పుకునే మొదలుపెట్టండి.

మరి ఎందుకు వెయ్యాలంటే, ఇందులో తిట్టేవాళ్ళెవరూ దుష్టపాత్రలు కారు. వర్తకుడు ఆంటోనియో స్నేహితుడి కోసం ప్రాణం ఇచ్చే మనిషి; గడువుకు తీర్చకపోతే తన ఒంట్లోంచి పౌను మాంసం ఇస్తానని పత్రం రాసి, ఆ స్నేహితుడు బసానియో కోసం షైలాక్ దగ్గర అప్పు చేస్తాడు. బసానియోని పెళ్ళాడి, కోర్టుకు మగ లాయరు వేషంలో వచ్చే పోర్షియా తెలివైంది, మాటకారి. వాళ్ళ స్నేహితుడు గ్రాషియానో సరదా కుర్రాడు. వీళ్ళందరినీ మనం ఇష్టపడాలనే రచయిత రాశాడు. ఈ ఇష్టమైన మనుషులే ఒకణ్ణి కుక్కలా చూస్తారు, అలా చూస్తున్నామన్న స్పృహ కూడా వాళ్ళకుండదు. చిన్నచూపు మన ఇళ్ళలో, మన ఆఫీసుల్లో బతికేది ఇలాగే. మంచి పేరున్నవాళ్ళ నోట్లో అది మామూలు మాటలా వచ్చేస్తుంది. దాన్ని ఇంత దగ్గరగా పట్టిచ్చే నాటకాలు తక్కువ. రచయిత కావాలని పట్టిచ్చాడా, అతని చెయ్యి రాసుకుంటూ పోతే అలా వచ్చిందా అన్నది వేరే తగవు. మీ 45 నిమిషాలకు ఆ తీర్పు అక్కర్లేదు.

నేపథ్యం పిల్లలకు అయిదు నిమిషాల్లో చెప్పొచ్చు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డు 1290లో యూదుల్ని దేశంనుంచి వెళ్ళగొట్టాడు. మళ్ళీ వాళ్ళు బాహాటంగా అక్కడ బతకగలిగింది 1656 తర్వాతే. ఈ నాటకం రాసింది 1596-97 ప్రాంతంలో. అంటే చూసేవాళ్ళలో ఎక్కువమందికి యూదుడంటే కథల్లో భూతమే తప్ప పక్కింటి మనిషి కాడు. 1594లో రాణీ ఎలిజబెత్ వైద్యుడు రోడెరిగో లోపెజ్‌ని, రాణికి విషం పెట్టబోయాడన్న అభియోగం మీద చంపేశారు. ఆయన యూదు మూలాలున్న పోర్చుగీసువాడు. షేక్‌స్పియర్ సమకాలికుడు మార్లో అంతకుముందే రాసిన ‘మాల్టా యూదుడు’ నాటకాన్ని ఆ ఏడే లండన్‌లో మళ్ళీ ఆడారు. అందులోని యూదుడు బరాబస్ కన్యాస్త్రీల మఠం మొత్తానికి విషం పెడతాడు, కన్నకూతురు కూడా అందులోనే పోతుంది. షైలాక్‌ని బరాబస్ పక్కన నిలబెట్టి చూపించండి. ఇతనికి చచ్చిపోయిన భార్య ఉంది, ఆవిడకు లేయా అన్న పేరుంది, పెళ్ళికి ముందు ఆవిడ ఇచ్చిన ఉంగరం ఉంది. భూతానికి ఇవన్నీ ఎందుకు?

వడ్డీ సంగతి కూడా తప్పక చెప్పండి, ఎందుకంటే మీ సహోద్యోగి సలహా దాని మీదే నిలబడి ఉంది. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి చెప్పేది. యూదులకు చాలా వృత్తులు మూసేశారు. అందుకని అప్పులివ్వడం వాళ్ళ నెత్తిన పడింది, ఆ పని చేస్తున్నందుకే వాళ్ళను అసహ్యించుకున్నారు. ఇంగ్లండ్‌లోనేమో యూదులు లేకపోయినా వడ్డీ ఆగలేదు. 1571 చట్టం నూటికి పది దాకా చూసీచూడనట్టు వదిలేసింది. ఆ ముందు ఏడాది, 1570లో, అక్రమ వడ్డీ తీసుకున్నాడని కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళలో స్ట్రాట్‌ఫర్డ్ చేతితొడుగుల వ్యాపారి జాన్ షేక్‌స్పియర్ ఒకడు. మన రచయిత తండ్రే. ఈ ఒక్క ముక్క చెబితే క్లాసు నిద్ర లేస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఈ నాటకాన్ని తెలుగులో వేసేవాళ్ళకు ఒక గొప్ప వీలుంది, అది ఈనాటి ఇంగ్లీషుకు లేదు. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషులో మనిషిని పిలవడానికి రెండు తీర్లు ఉండేవి, మన ‘మీరు’, ‘నువ్వు’ లాగా. ఇప్పటి ఇంగ్లీషు ప్రేక్షకుడికి ఆ తేడా చెవికెక్కదు. మన ప్రేక్షకుడికి సూదిలా గుచ్చుకుంటుంది. మూల ప్రతి, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుని, ఎవరు ఎవర్ని ఎప్పుడు ఏ తీరున పిలిచారో గీతలు గీయండి. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికే ఈ పని అప్పజెప్పండి, అంతకంటే తగినవాళ్ళు మీకు దొరకరు.

గీస్తే బయటపడేది ఇది. మొదటి అంకం మూడో రంగంలో ఆంటోనియో అప్పడగడానికి వచ్చాడు. మూడు వేల డ్యూకట్లు కావాలి, మూడు నెలల గడువు. అడిగేటప్పుడు ‘షైలాక్’ అని పేరు పెట్టి పిలుస్తాడు, ‘మీరు’ అంటాడు. అప్పుడు షైలాక్ పాత లెక్క తీస్తాడు: రియాల్టో బజార్లో నన్ను మీరు ఎన్నిసార్లు తిట్టారు, కుక్కన్నారు, నా అంగీ మీద ఉమ్మారు, ఇప్పుడు డబ్బు కావాలని వచ్చారా? అన్నిసార్లు అవమానపడ్డవాడు ఈ మాటలన్నీ ‘మీరు’ తోనే అంటాడు. ఆంటోనియో జవాబులో క్షమాపణ లేదు, కాదనడం కూడా లేదు. “మళ్ళీ అలాగే పిలుస్తాను, మళ్ళీ ఉమ్ముతాను, మళ్ళీ తంతాను నిన్ను” అంటాడు. అవసరం తీరకముందే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది. ఇక మూడో అంకం మూడో రంగానికి రండి. ఓడలు మునిగాయి, గడువు దాటింది, ఆంటోనియో అరెస్టయ్యాడు. “కారణం లేకుండానే నువ్వు నన్ను కుక్కన్నావు, కుక్కనే అయితే నా కోరలు చూసుకో” అంటాడు షైలాక్. ఆంటోనియోని ఉద్దేశించి మొట్టమొదటిసారి ‘నువ్వు’ అతని నోటికొచ్చింది. నాటకం మొత్తం ఈ రెండు అక్షరాల మధ్య తిరుగుతుంది. అనువాదంలో ఇది పోయిందంటే మీరు ఎంత మంచి సెట్టింగ్ వేసినా లాభం లేదు.

చాలామంది అనువాదకులు ఇక్కడ చేసే తప్పు ఒకటుంది. ఆంటోనియో కోపంగా ఉన్నాడని అతని చేత ‘ఒరేయ్’ అనిపిస్తారు. వద్దు. ఆంటోనియో చిన్నచూపు చల్లగా ఉంటుంది, అతనికి గొంతు పెంచాల్సిన అవసరమే లేదు. ‘ఒరేయ్’ గ్రాషియానోకు దాచిపెట్టండి. కోర్టులో షైలాక్ పడిపోయాక మీదపడి ఎగిరేవాడు అతను, అప్పుడు ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

పేరు సంగతి కూడా ఇంతే. పని పడితే ‘షైలాక్’, పని తీరితే ‘యూదుడు’. కోర్టులో పోర్షియా మొదట “షైలాక్ మీ పేరేనా?” అని మర్యాదగా అడుగుతుంది. కాసేపటికే ‘యూదుడు’ మొదలవుతుంది. చివర్లో అంతా పోగొట్టుకుని నిలబడ్డవాణ్ణి “తృప్తేనా యూదుడా? ఏమంటావు?” అని అడుగుతుంది. మనిషిని పేరుతో కాక పుట్టుకతో పిలవడం ఎంత బరువో తెలుగు ప్రేక్షకులకు విడమర్చి చెప్పక్కర్లేదు, కులం పేరుతో పిలిపించుకున్నవాళ్ళు మన సభలోనే ఉంటారు. అందుకే తిట్లు కొట్టేయమన్న సలహా నాటకాన్ని చంపేస్తుంది. తిట్లు తీసేస్తే ఏం మిగులుతుందో చూడండి: ఎవరూ ఏమీ అనని ఒక ముసలివాడు, ఊరికే కత్తి పట్టుకుని మనిషి గుండె దగ్గర మాంసం అడుగుతున్నాడు. చిన్నచూపును దాచబోయి, యూదుడు పుట్టుకతోనే క్రూరుడని మీరే చెప్పినట్టవుతుంది. ముఖ్యంగా ఉమ్మడం గురించిన మాటల్లో ఒక్క అక్షరం కూడా పోకూడదు.

అలాగని షైలాక్‌ని మహాత్ముణ్ణి చెయ్యకండి. చదువుకున్నవాళ్ళకు ఈ కోరిక ఎక్కువ. ఆంటోనియోను చూడగానే తనలో తాను ఏమనుకుంటాడు? వీడు క్రైస్తవుడని నాకు ద్వేషం, అంతకన్నా వడ్డీ లేకుండా అప్పులిచ్చి నా వ్యాపారం చెడగొడుతున్నాడని ద్వేషం, అంటాడు. ఇది కూడా ఉంచాలి. మీతో కొంటాను, అమ్ముతాను, మాట్లాడతాను, కానీ మీతో కలిసి తినను, తాగను అన్నదీ అతనే. వెలివేయబడ్డవాడు తన చుట్టూ తాను కూడా ఒక గోడ కట్టుకుంటాడు. సహపంక్తి అంటే ఏమిటో తెలిసిన మన జనానికి ఆ మాట వేరే తీరుగా వినిపిస్తుంది, వినిపించనివ్వండి.

ఇక అందరికీ తెలిసిన ఆ డైలాగు, “యూదుడికి కళ్ళు లేవా?” అన్నది. మూడో అంకం మొదటి రంగంలో ఉంది. పోటీల్లో దీన్ని ఒక్కడే స్టేజీ మధ్యన నిలబడి మైకు పట్టుకుని మానవత్వం మీద ఉపన్యాసంలా చెప్పేస్తుంటారు. నాటకంలో అది ఉపన్యాసం కాదు. కూతురు జెస్సికా ఒక క్రైస్తవుడితో, డబ్బూ నగలూ పట్టుకుని లేచిపోయింది. ఆ విషయం మీద ఇద్దరు కుర్రాళ్ళు నడిబజార్లో షైలాక్‌ని ఏడిపిస్తున్నారు. ఆంటోనియో మాంసం నీకెందుకు పనికొస్తుందని వాళ్ళు అడిగితే, చేపలకు ఎరగా వేస్తానని మొదలుపెడతాడు. ఆ మంటలోంచి వస్తాయి ఆ ప్రశ్నలు. పొడిస్తే మాకు నెత్తురు రాదా, గిలిగింతలు పెడితే నవ్వు రాదా, విషం పెడితే చావమా, అన్యాయం చేస్తే పగ తీర్చుకోమా? చివరి ప్రశ్న దగ్గరకొచ్చేసరికి దారి మారిపోయింది, చూశారా? మీరు నేర్పిన దుర్మార్గమే చేసి చూపిస్తాను, గురువుని మించిన శిష్యుణ్ణవుతాను అంటూ ముగిస్తాడు. మనమంతా ఒక్కటే అన్న మాటను చంపడానికి సమర్థనగా వాడుకున్నాడు. సగంలో ఆపేస్తే నీతిపద్యం అవుతుంది, చివరిదాకా చెబితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కనుక మొత్తం చెప్పించండి. ఆ ఇద్దరు కుర్రాళ్ళను స్టేజీ మీదే, రెండు పక్కలా దగ్గరగా ఉంచండి. షైలాక్ వాళ్ళ మొహాలు చూస్తూ మాట్లాడాలి, సభ వైపు కాదు. ఇది మూలంలో వచనమే, పద్యం కాదు. అనువాదంలో గ్రాంథికం పెట్టకండి, బజార్లో మాట్లాడే తెలుగు చాలు.

దాని వెంటే షైలాక్ స్నేహితుడు, తోటి యూదుడు ట్యూబల్ వచ్చే భాగం ఉంది. చాలామంది కోసేస్తారు, మీరు కోయకండి. నా కూతురు చచ్చి, నగలు చెవికుండగా నా కాళ్ళ దగ్గర పడి ఉంటే బాగుండు, అంటాడు షైలాక్. వినడానికి అసహ్యంగా ఉంటుంది. రెండు నిమిషాల్లోనే, జెస్సికా ఒక ఉంగరమిచ్చి కోతిని కొనుక్కుందని ట్యూబల్ చెబుతాడు. అది లేయా ఇచ్చిన నీలిపచ్చ రాయి ఉంగరం. అడవి నిండా కోతుల్ని ఇస్తామన్నా దాన్ని ఇచ్చేవాణ్ణి కాదంటాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషివి. ఒకటి ఉంచి ఒకటి తీస్తే రాక్షసుడో, పాపం ముసలాయనో తయారవుతాడు.

కోర్టు రంగం పెద్దది, దాదాపు 450 పంక్తులు. అక్కడ పిల్లలకు తప్పక అర్థం కావలసినవి మూడు చోట్లు. ఒకటి, షైలాక్ బానిసల వాదన. మీ ఇళ్ళలో కొనుక్కున్న బానిసలున్నారు, వాళ్ళను గాడిదల్లా చాకిరీ చేయిస్తున్నారు, వాళ్ళను వదిలేసి మీ పిల్లల్నిచ్చి పెళ్ళి చెయ్యమంటే ఊరుకుంటారా, మావాళ్ళు మా ఇష్టం అనరా, ఈ పౌను మాంసం కూడా అలాగే నేను కొనుక్కున్నది, అంటాడు. కోర్టులో ఒక్కరు కూడా దీనికి జవాబు చెప్పరు. ఆ డైలాగు అయ్యాక రెండు క్షణాలు నిశ్శబ్దం పెట్టండి, విచారణ జరిపే వెనిస్ పాలకుడు డ్యూక్ గొంతు సవరించుకుని మాట మార్చేస్తాడు. రెండోది, పోర్షియా వేసిన చట్టం. మాంసం తీసుకో, నెత్తురు చుక్క రాకూడదన్న తిరకాసు అందరికీ గుర్తుంటుంది. అసలు దెబ్బ దాని తర్వాత ఉంది. పరదేశి ఎవడైనా వెనిస్ పౌరుడి ప్రాణం తీయబోతే వాడి ఆస్తిలో సగం ఆ పౌరుడికి, సగం ప్రభుత్వానికి, ప్రాణం డ్యూక్ దయ మీద అని మరో చట్టం తీస్తుంది. ఇంతసేపూ ‘చట్టం ముందు అందరూ ఒక్కటే’ అని నమ్ముకుని వచ్చినవాడికి, నువ్వు ఈ ఊరివాడివే కావు అని చెప్పడం అది. ‘పరదేశి’ అన్న మాటను నొక్కి పలికించండి. ఈ భాగం కోసేస్తే షైలాక్ ఏదో లెక్క తప్పి ఓడినట్టుంటుంది. మూడోది, మతమార్పిడి షరతు. ఆంటోనియో చూపించే ‘దయ’ ఇది: ఆస్తిలో సగం మీద తన హక్కును అల్లుడి కోసం ట్రస్టుగా పెడతాడు, షైలాక్ క్రైస్తవం పుచ్చుకోవాలంటాడు. ఆనాటి చాలామంది ప్రేక్షకుల దృష్టిలో అది ఆత్మను కాపాడటమే, శిక్ష కాదు. ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి, లేకపోతే పాత్రలు కావాలని క్రూరంగా ఉన్నాయనుకుంటారు. మేలు చేస్తున్నామనుకుంటూ చేసిన పని కాబట్టే ఇప్పుడు చూస్తే అంత భయంగా ఉంటుంది.

45 నిమిషాలకు కత్తిరింపు ఇలా పెట్టుకోండి. విద్యార్థులు తెలుగులో ఆడితే నిమిషానికి సుమారు 15 పంక్తులు నడుస్తాయి, అంటే మీ చేతిలో 650కి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. అప్పడిగే రంగం 180 పంక్తుల్లో షైలాక్ చెప్పే బైబిలు యాకోబు గొర్రెల కథ ముప్పై దాకా తీసేయొచ్చు. బజారు రంగం 120 మొత్తం ఉంచండి. అరెస్టు రంగం నుంచి పాతిక. కోర్టు రంగంలో షైలాక్ వెళ్ళిపోయాక జరిగే ఉంగరాల వేళాకోళం, న్యాయపండితుడు బెలారియో ఉత్తరం చదవడం, బసానియోకి ఆంటోనియో చెప్పే వీడ్కోలులో కొంత, అక్కడక్కడా మరికొన్ని పంక్తులు పోతే 320 వస్తుంది. మొత్తం 41 నిమిషాలు, తెర మార్చడానికి నాలుగు. పోర్షియాను పెళ్ళాడాలంటే సరైన పెట్టె ఎంచుకోవాలన్న పెట్టెల కథ, జెస్సికా పారిపోవడం సూత్రధారుడు నాలుగు మాటల్లో చెప్పేస్తాడు. తొమ్మిది మంది నటులు సరిపోతారు, ట్యూబల్ వేసినవాడే డ్యూక్ వెయ్యొచ్చు.

అంత కోసినా, పెట్టెల కథలోంచి ఒక్క పంక్తి సూత్రధారుడి చేతికివ్వండి. మొరాకో రాజకుమారుడు నల్లనివాడు. నా రంగు చూసి ఏవగించుకోవద్దని వస్తూనే వేడుకుంటాడు. తప్పు పెట్టె తెరిచి వెళ్ళిపోగానే పోర్షియా, “ఈ రంగువాళ్ళందరూ ఇలాగే ఎంచుకుందురుగాక” అంటుంది. దయ ఆకాశం నుంచి వానలా కురవాలని తర్వాత కోర్టులో చెప్పేది ఈవిడే. ఇది ముందే విన్న సభ ఆ ఉపన్యాసాన్ని వేరే చెవితో వింటుంది.

మీ సహోద్యోగి గారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే గానీ కుదరదు. మన జిల్లాల్లో వడ్డీకి తిప్పేవాడికి ఊళ్ళో పలుకుబడి ఎక్కువ, అప్పు తీసుకున్నవాడే బక్కవాడు. షైలాక్‌ని అతనిగా మారిస్తే బలం తలకిందులవుతుంది. రైతును పీక్కుతిన్నవాడికి శాస్తి జరిగిందని సభ ఈలలు వేస్తుంది, ఉమ్మినవాడు హీరో అయిపోతాడు. పోనీ అణగారిన కులంవాణ్ణి చేద్దామంటే కత్తి అతని చేతిలో పెట్టినట్టవుతుంది, అది ఇంకా ప్రమాదం. ఏ కులం పేరు పెట్టినా, పెట్టకపోయినా సైగతో తెలిసిపోయేలా చేసినా, ఊళ్ళో నిజం మనుషులు నొచ్చుకుంటారు, మీ ప్రిన్సిపాల్ గారికి నిద్ర ఉండదు. కథను వెనిస్‌లోనే ఉంచండి. 1516 నుంచి అక్కడ యూదుల్ని ఒక పేటలో పెట్టి రాత్రిళ్ళు గేట్లు మూసేవాళ్ళని, ప్రత్యేకమైన టోపీ పెట్టుకోవాలన్న నిబంధన ఉండేదని సూత్రధారుడు చెబితే చాలు. పోలిక కట్టుకునే పని ప్రేక్షకులకు వదిలేయండి, వాళ్ళకు చేతనవును.

మన జనానికి నేరుగా తగిలే ఇంగ్లీషు నాటకం కావాలంటే వచ్చే ఏడు ‘ఒథెల్లో’ మొదటి అంకం తీసుకోండి. వెనిస్ పెద్దమనిషి బ్రబాన్షియో నల్ల సేనాపతి ఒథెల్లోని పదేపదే ఇంటికి పిలుస్తాడు, యుద్ధ కథలు చెప్పించుకుంటాడు, మర్యాద చేస్తాడు. కూతురు అతన్నే పెళ్ళాడిందనేసరికి మందు పెట్టాడు, మాయ చేశాడు అంటాడు. భోజనానికి పిలుస్తాం గానీ పిల్లనివ్వం అనే పెద్దమనుషులు మనకు కొత్త కాదు. చదవడానికైతే గాల్స్‌వర్దీ 1922లో రాసిన ‘లాయల్టీస్’ కూడా చూడండి. జమీందారీ ఇంట్లో అతిథిగా ఉన్న యూదు యువకుడి డబ్బు, దాదాపు వెయ్యి పౌన్లు, పోతుంది. దొంగ ఎవరో అతను సరిగ్గానే చెబుతాడు. అతని మాట నిజమే కావచ్చనిపించినా, అందరూ తమవాడి వెనకే నిలబడతారు. ఎవరూ ఉమ్మరు, ఎవరూ కుక్కనరు. క్లబ్బులో మాత్రం చోటుండదు.

ఇక మీ హాస్య షైలాక్. ఆ కుర్రాణ్ణి కోప్పడకండి, వాడు తెలియకుండానే రెండు మూడొందల ఏళ్ళ నాటి పద్ధతిని పట్టుకున్నాడు. 1701లో గ్రాన్‌విల్ ఈ నాటకాన్ని తిరగరాశాక షైలాక్ చాలాకాలం విదూషకుడిగానే నడిచాడు. 1741లో లండన్ డ్రూరీ లేన్‌లో చార్లెస్ మాక్లిన్ ఆ వేళాకోళం తీసేసి, భయపెట్టే మనిషిగా ఆడాడు. 1814లో అదే థియేటర్లో ఎడ్మండ్ కీన్ ఎర్రజుట్టు విగ్గు పక్కన పడేసి నల్ల విగ్గుతో వచ్చాడు, జనం మొదటిసారి అతని బాధ విన్నారు. 1879లో హెన్రీ ఇర్వింగ్ గౌరవమున్న, గాయపడ్డ ముసలాయన్ని చేశాడు. తర్వాత 1943లో, నాజీల చేతిలో ఉన్న వియన్నాలో, వెర్నర్ క్రౌస్ అదే పాత్రను అసహ్యం పుట్టించేలా ఆడాడు. ఆ ఊరి యూదుల్ని అప్పటికే రైళ్ళెక్కించేశారు. పాత్ర అదే, నడకా గొంతూ మారాయి. ఈ నాలుగు ముక్కలూ మీ కుర్రాడికి చెప్పి, నువ్వు ఎవరి వరసలో నిలబడతావు అని అడగండి.

ఆడేటప్పుడు అతనికి మూడు పనులు చెప్పండి. నడుం నిటారుగా ఉంచి, తన ఇంట్లో తాను నడిచినట్టు నడవాలి. ముక్కు మీద మైనం, అతికించిన వంకర గడ్డం వద్దు. మాట మామూలుగా ఉండాలి, యాస అసలే వద్దు. యాస పెట్టగానే మన సభ నవ్వుతుంది, ఏ జిల్లా యాస పెట్టినా ఆ జిల్లావాళ్ళను అవమానించినట్టే. దుస్తులు ఆంటోనియోకి, షైలాక్‌కి ఒకే కోటు, తేడా ఒక్క ఎర్ర టోపీయే. కోర్టులోకి వచ్చినప్పుడు డ్యూక్ ముందు ఆ టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. అప్పుడు పోర్షియా వచ్చి, “ఇందులో వర్తకుడెవరు, యూదుడెవరు?” అని అడిగితే ఆ ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది.

చివరికి కత్తి. మీ రిహార్సల్స్‌లో ఇక్కడే పెద్ద నవ్వు వస్తుందని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. చెప్పు అడుగు మీద కత్తి నూరడం చూడటానికి వింతగా ఉంటుంది. పైగా గ్రాషియానో అక్కడ అడుగు మీద కాదు, ఆత్మ మీద నూరుతున్నావని, ఇంగ్లీషులో రెంటికీ ‘సోల్’ అన్న ఒకే పలుకుతో వేసే శ్లేష తెలుగులో అతకదు, దాన్ని లాక్కొస్తే ఎబ్బెట్టుగా ఉండి ఇంకా నవ్వొస్తుంది. శ్లేషను వదిలేయండి. “ఎందుకంత శ్రద్ధగా నూరుతున్నావు?” అని బసానియో అడగడం, “అదిగో ఆ దివాలా తీసినవాడి దగ్గర నాకు రావలసింది కోసుకోవడానికి” అని షైలాక్ తలెత్తకుండా చెప్పడం, అంతే చాలు. నూరేవాడు ఎవర్నీ చూడకూడదు. తలెత్తి కళ్ళు పెద్దవి చేశాడా, సభ పగలబడుతుంది. రబ్బరు అడుగు బూటు మీద శబ్దం రాదు, తోలు అడుగు చెప్పు తెప్పించండి. కత్తి చెక్కతో చేయించి అల్యూమినియం రేకు తొడిగించండి, మొన గుండ్రంగా ఉండాలి. త్రాసు కంసాలి వాడే చిన్నది తీసుకోండి. కూరగాయల తక్కెడ పెడితే ఆ సీను మళ్ళీ సంత అయిపోతుంది. ఆంటోనియో చొక్కా గుండీలు విప్పడం ముందే నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేయించండి, గుండీ ఊడక తడబడితే మొదటి వరసలోంచి ఎవరో ఒకరు కచ్చితంగా ఒక మాట విసురుతారు.

“నాకు ఒంట్లో బాగాలేదు, పత్రం వెనకాల పంపండి, సంతకం పెడతాను” అని షైలాక్ వెళ్ళేటప్పుడు సంగీతం వెయ్యొద్దు. మెల్లగా, వచ్చినదారినే పోనివ్వండి. టోపీ అక్కడే బల్ల మీద ఉండిపోవాలి. గ్రాషియానో ఒక్కడే వెనకనుంచి అరుస్తూ నవ్వుతాడు, తక్కినవాళ్ళు కాగితాలు సర్దుకుంటుంటారు. ఆ నవ్వు ఇంకా వినిపిస్తుండగానే తెర వేయించండి.